రాతిలో నీటిజాడ



అంగళ్లు, మదనపల్లె ప్రాంతమున టమాటా రైతుకు బోరుబావియే పెద్ద ఆధారము. మన నేల అడుగున నున్నది గట్టి రాయి. దాని పగుళ్లలోను, పైనున్న శిథిలమైన పొరలోను మాత్రమే నీరు నిలుచును. పగులు తగిలినవానికి పంట, తగులనివానికి అప్పు. మరి ఆ పగులును ముందుగా కనుగొనుట ఎట్లు?

ఫ్రాన్సు దేశమున కాన్రాడ్ ష్లుంబెర్జే 1912లో భూమిలోనికి విద్యుత్తును పంపి లోపలి పొరలను గుర్తింప యత్నించెను. 1927లో పెషెల్‌బ్రాన్ వద్ద చమురు బావిలోనికే పరికరమును దింపి పొరలను కొలిచిరి. చమురును వెదకిన ఆ విద్యయే నేడు మన చేలలో నీటిని వెదకుచున్నది. నాలుగు లోహపు కడ్డీలను వరుసగా పాతి, వెలుపలి రెండింటి ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ వోల్టేజిని కొలుతురు. పొడి రాయి విద్యుత్తును మిక్కిలి అడ్డగించును. తడి పొర అంతగా అడ్డగింపదు. కడ్డీల ఎడము పెంచిన కొలది మరింత లోతు సంగతి తెలియును.

అయితే బంకమన్ను సైతము విద్యుత్తును సులభముగా పోనిచ్చును. కావున ఈ యంత్రము పొరను సూచించునే గాని నీటికి పూచీపడదు. ఒక్క కొలతను నమ్మి అప్పు చేయవలదని మా మనవి. పలుచోట్ల కొలిపించి, ఇరుగుపొరుగు బోర్ల లోతుతో పోల్చి చూచిన పిమ్మటనే బోరు బండిని పిలువవలెను.

పగులు దొరకినను దానిని నింపునది వానయే. ఆ వాననీటిని చెరువులకు, ఇంకుడు గుంటలకు మళ్లించుట మనందరి పని. నేటినుండియే పూనుకొందము.