దోస గింజ ఊళ్ళోనే బతకాలి

(విత్తనాల మీద జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



వరి, పత్తి విత్తనాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ దోస గింజ సంగతి. ఇంత చిన్న పంటకు ఇంత చర్చ ఎందుకంటారా? వినండి.

కర్బూజా, మన పప్పు దోస, చేలో మొలిచే బుడమకాయ, ఇవన్నీ ఒకే జాతి. 1925లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కర్బూజా తోటలను బూడిద తెగులు పట్టింది. దాన్ని తట్టుకునే గుణం మన దేశం నుంచి వెళ్ళిన గింజలో దొరికింది. దాంతో సంకరం చేసి 1936లో పీఎంఆర్ 45 అనే రకం విడుదల చేశారు. మన తాతలు కాపాడిన గింజలకు అంత విలువ ఉంది. మనమేమో ఏటా ప్యాకెట్లు కొంటున్నాం. హైబ్రిడ్ కాయ గింజ మళ్ళీ వేస్తే అదే కాయ రాదు, మళ్ళీ కొట్టు దగ్గరికి పోవాల్సిందే.

జొన్న, కంది సాళ్ళ మధ్య నాలుగు దోస గింజలు వేసుకునేవాళ్ళం. బుడమ విత్తకుండానే మొలిచేది. పప్పుకు, పచ్చడికి, వరుగులకు కొనే పని లేదు. మిశ్రమ పంటలు తగ్గి, కలుపు మందులు పెరిగాక ఆ తీగలు కనుమరుగవుతున్నాయి.

ఢిల్లీలో 1976 నుంచి ఎన్‌బీపీజీఆర్ అనే జాతీయ సంస్థ ఉంది, హైదరాబాదులో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ జన్యు బ్యాంకు ఉండాల్సిందే. కానీ చల్లటి గదిలో దాచిన గింజ మన ఎండను, మన తెగుళ్ళను చూడదు. చేలో పండుతున్న గింజే కాలంతోపాటు మారుతుంది. అందుకే ఊరికో విత్తన బ్యాంకు కావాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాలను ఇలాగే కాపాడుకున్నారు.

దోసకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. దాని పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి. కర్బూజా, దోస, బుడమ పక్కపక్కన ఉంటే కలిసిపోతాయి. ఆ తేడా ఈ ఏటి కాయలో కనపడదు, వచ్చే ఏటి పంటలో బయటపడుతుంది. బుడమతో కలిసిన దోసకు చేదు రావచ్చు. కీర, పుచ్చలతో ఆ భయం లేదు.

కాబట్టి ఊరికి ఒక్క రకమే విత్తనానికి పెట్టుకుందాం. వేరే రకానికి కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలి. అది కుదరకపోతే, మర్నాడు విచ్చే మగ మొగ్గను, పిందె ఉన్న మొగ్గను సాయంత్రమే దారంతో కట్టాలి. తెల్లారి మగ పువ్వు రెక్కలు తీసి, పుప్పొడిని పిందె ఉన్న పువ్వులో రుద్ది, మళ్ళీ కట్టి, గుర్తుగా గుడ్డపీలిక పెట్టాలి.

ఇరవై తీగలకు తగ్గకుండా, ఒక్కో తీగ నుంచి తెగులు లేని, బాగా పండిన కాయ తీసుకోవాలి. ముక్క కొరికి చూసి, చేదుంటే పక్కన పెట్టాలి. గింజలను గుజ్జుతో ఒక రోజు ఉంచి, కడిగి, నీళ్ళలో తేలినవి పారేసి, నీడలో ఆరబెట్టాలి. మన పెద్దవాళ్ళు పేడలో కలిపి గోడకు కొట్టేవాళ్ళు, బూడిద కలిపి కుండలో దాచేవాళ్ళు. బాగా ఆరిన గింజ నాలుగైదేళ్ళు మొలుస్తుంది. అయినా రెండేళ్ళకోసారి విత్తి కొత్త గింజ తీయాలి.

చట్టం మన వైపే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సికో కేసులు పెడితే, రైతు సంఘాలు ఆ సెక్షన్ చూపించే నిలబడ్డాయి. కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది.

మన బ్యాంకుకు మూడు నియమాలు ప్రతిపాదిస్తున్నాం. పిడికెడు తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక రెండు పిడికిళ్ళు తిరిగివ్వాలి. రకం పేరు, ఊరు, గింజ ఇచ్చిన ఇంటి పేరు, దాని గుణం పుస్తకంలో రాయాలి. బయటివాళ్ళు ఎవరు అడిగినా ఊరంతా కూర్చుని ఒప్పుకోకుండా గింజ ఇవ్వకూడదు.

ఇళ్ళలో ఆడవాళ్ళను అడగండి, డబ్బాలు, కుండలు వెతకండి. దొరికిన గింజ పది అయినా సరే, పేరు రాసిన చీటీతో వచ్చే సమావేశానికి తీసుకురండి. తొలకరికి విత్తుదాం.