నివేదిక వచ్చిన రోజున మాట్లాడండి

   

నేను ఫోరెన్సిక్ మెడిసిన్ మాస్టారిని. ఈ రోజు పట్టా తీసుకుంటున్న మీలో చాలామంది మా సబ్జెక్టును పరీక్ష ముందు రెండు రాత్రుల్లో ముగించిన ఘనులని నాకు తెలుసు, జవాబు పత్రాలు దిద్దింది నేనే కదా. మా పెళ్లిచూపుల్లో కాబోయే మామగారు “ఏం డాక్టరు బాబూ?” అని అడిగారు. చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కాసేపు ఆగి, “మరి బయట ప్రాక్టీసు పెట్టే ఉద్దేశం ఏమైనా ఉందా?” అన్నారు. నా ఉద్యోగమంతా మార్చురీలోనూ కోర్టు బోనులోనూ గడిచింది. కాబట్టి కృత్రిమ మేధ వైద్యాన్ని ఎలా మార్చబోతోందో చెప్పమంటే చెప్పలేను. నాకు బాగా తెలిసింది ఒక్కటే: ఒక మనిషి దారుణంగా చనిపోయిన తర్వాత మొదటి రెండు రోజుల్లో లోకం ఏం మాట్లాడుతుందో, ఆ తర్వాత తేలే నిజం ఏమిటో. ఈ రెంటికీ మధ్య నిలబడి జీతం తీసుకున్నవాణ్ణి నేను.

మా బ్యాచ్ వాళ్లకో వాట్సాప్ గ్రూపుంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో పీజీ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగిన వార్త వచ్చినప్పుడు ఆ గ్రూపులో రెండు రోజులు పిడుగులు పడ్డాయి. మూడో రోజు అడ్మిన్‌గారు, పేరున్న కంటి డాక్టరు, ఒక ఆజ్ఞ జారీ చేశారు: “ఇక్కడ పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పిల్లల ర్యాంకులు మాత్రమే. క్రైమ్ వార్తలు వద్దు.” ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ నేను ఒప్పుకోలేదు. మాట్లాడుకోవాల్సిందే.

ఎందుకంటే ఆ ఆగస్టులో మీరూ మాట్లాడారు. మీరంతా అప్పుడు విద్యార్థులో హౌస్‌సర్జన్లో. ఇటు గాంధీ, ఉస్మానియాల్లో, అటు విశాఖ కేజీహెచ్‌లో జూనియర్ డాక్టర్లు విధులు ఆపి మెట్ల మీద కూర్చున్నారు. ఆగస్టు 17న డాక్టర్ల సంఘం ఐఎంఏ దేశమంతటా ఇరవై నాలుగు గంటలు సేవలు నిలిపివేసింది. 31 ఏళ్ల పీజీ, రాత్రి డ్యూటీ మధ్యలో కాస్త నడుము వాల్చడానికి సెమినార్ హాల్లోకి వెళ్లింది. అంతకు మించి మన ఆసుపత్రుల్లో ఆడపిల్లలకు విశ్రాంతి గది ఎక్కడుందని? ఆ ప్రశ్న దేశమంతా అడిగింది కాబట్టే సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. డాక్టర్ల భద్రతపై జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆగస్టు 9న పొద్దున మృతదేహం కనబడితే, సాయంత్రానికి శవపరీక్ష కూడా ముగిస్తే, ఎఫ్ఐఆర్ మాత్రం రాత్రి 11.45కి ఎందుకు నమోదైందని కోర్టు నిలదీసింది. శవపరీక్ష ముందు, ఎఫ్ఐఆర్ తర్వాత! మా శాఖలో ఎవరికైనా ఈ వరస చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదువుతారు. జనం నోరు మూసుకుని ఉంటే ఈ ప్రశ్నలన్నీ ఫైల్లోనే ఉండిపోయేవి.

అయితే అదే వారంలో నా ఫోన్‌కి ఇంకోటి వచ్చింది. ఎంతమంది పంపారో లెక్కపెట్టలేదు. పంపినవాళ్లలో డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు, నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఉన్నారు. శవపరీక్ష నివేదికలో ఉన్న 151 గ్రాములు అనే ఒక అంకెను పట్టుకుని, అది ఒక ద్రవం కొలత అని, కనుక ఇది ఒక్కడి పని కాదని తేల్చేసిన మెసేజ్ అది. మిగతాది మీకు తెలుసు, ఈ వేదిక మీద నేను చదవను.

నాయనలారా, అమ్మల్లారా, శవపరీక్షలో మనం ఏం చేస్తాం? ప్రతి అవయవాన్నీ తీసి తూచి, బరువు రాస్తాం. మెదడు ఇంత, కాలేయం ఇంత, ఒక్కో మూత్రపిండం ఇంత. ఆ నివేదికలో 151 గ్రాములున్నది జననాంగాల బరువు రాసే గడిలో. ఈ సంగతి మామూలు జనానికి తెలియకపోవడంలో తప్పులేదు. ఎంబీబీఎస్ చదివినవాడికి తెలియకపోవడం ఏమిటి? చివరికి ఆగస్టు 22న ఆ అంకెను కోర్టులో ఒక న్యాయవాది ఎత్తితే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ గారు, సామాజిక మాధ్యమాల్లో వచ్చినవాటితో వాదించవద్దని, శవపరీక్ష నివేదిక తమ ముందే ఉందని, ఆ అంకె దేని గురించో తమకు తెలుసని చెప్పాల్సి వచ్చింది. మనం చెప్పాల్సిన పాఠం జడ్జిగారు చెప్పారు. మా సబ్జెక్టును రెండు రాత్రుల్లో చదివితే ఇలాగే ఉంటుంది!

ఆ కేసులో 2025 జనవరి 18న సీల్దా కోర్టు ఒకణ్ణి దోషిగా తేల్చి, 20న జీవితఖైదు వేసింది. ఆమె తల్లిదండ్రులకు ఆ తీర్పుతో తృప్తి కలగలేదు. వాళ్లు అడుగుతున్న ప్రశ్నలు వాళ్లవి, అడిగే హక్కు వాళ్లకుంది. కానీ అడగాల్సిన ప్రశ్నను తప్పుడు అంకె మీద నిలబెడితే, అంకె కూలిన రోజున ప్రశ్న కూడా కూలుతుంది. అవతలివాడికి కావాల్సింది అదే.

మా వృత్తిలో ఒక అలవాటుంది. మృతదేహం చూశాక కారణం తేలకపోతే విసెరాను ఫోరెన్సిక్ ల్యాబ్‌కి, అంటే ఎఫ్ఎస్ఎల్‌కి పంపి, కాగితం మీద ‘ఒపీనియన్ రిజర్వ్‌డ్’ అని రాసి సంతకం పెడతాం. రెడ్‌హిల్స్‌లోని ఆ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చేదాకా ఎస్సై అడిగినా, ఎమ్మెల్యే ఫోన్ చేసినా అదే జవాబు. మార్చురీ మెట్ల మీద మైకులు పట్టుకున్న కుర్రాళ్లకు ఆ మాట చెబితే నన్ను పనికిరానివాడిలా చూసేవాళ్లు. ఒకసారి ఒక కొత్త కోడలు ఉన్నట్టుండి చనిపోయింది. అత్తింటివాళ్లే విషం పెట్టారని ఊరి గ్రూపు తేల్చింది. నేనింకా గ్లవ్స్ తొడుక్కోకముందే అక్కడ వాళ్ల ఇల్లు పగిలింది. తల తెరిస్తే మెదడులో రక్తనాళం చిట్లి ఉంది. ఇంకోసారి ఇంకో అమ్మాయి. గుండెపోటని ఊరంతా సానుభూతి చెప్పింది, భర్త బోరున ఏడుస్తున్నాడు, గ్రూపునిండా దండాలు, దీపాలు. మెడ మీద చర్మం చూస్తే ఏమీ లేదు. లోపలి కండరాలు పొర పొరగా విప్పితే నెత్తురు గడ్డకట్టి ఉంది: గొంతు నులిమారు. ఊరు రెండుసార్లూ తప్పే చెప్పింది, రెండుసార్లూ గట్టిగానే చెప్పింది. “నిప్పు లేనిదే పొగ రాదు కదండీ” అంటారు. రాదు. కానీ నిప్పు ఏ ఇంట్లో ఉందో పొగ చెప్పదు.

ఇప్పుడు నా చాదస్తం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపే ఉంటాను, ఓపిక పట్టండి. పేరూ, ఫొటోనూ.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, మార్చురీ బయట సిమెంటు బెంచీ మీద ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. కూతురి మీద దాడి జరిగిందని, ఆసుపత్రికి రమ్మని మాత్రమే పోలీసులు ఆయనకు చెప్పారు. బస్సులో వస్తుండగా పక్క ఊరివాడొకడు గ్రూపులో వచ్చిన ఫొటో చూపించి, “ఇది మీ అమ్మాయేనా?” అని అడిగాడట. బిడ్డ పోయిందని ఆ తండ్రికి తెలిసింది అలా. అది క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉండగా తీసిన ఫొటో. పక్కన ఆకుపచ్చ కర్టెన్, సెలైన్ స్టాండ్. బయటివాడు తీసింది కాదు, మనలాంటివాడే ఎవడో తీశాడు. గుర్తింపు కోసం ఆయన్ని లోపలికి తీసుకెళ్లాను. ముఖం మీద గుడ్డ తీయబోతే, “వద్దు సార్, చూశాను” అన్నాడు.

చట్టం సంగతి చెబుతాను, పరీక్షకు రాదు కాబట్టి ఇప్పుడైనా వినండి. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. మనిషి చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఏడాది తిరగకుండా, 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. రోజులు తిరగకుండానే ఆ పశువైద్యురాలి పేరు హ్యాష్‌ట్యాగ్ అయింది. న్యాయం కావాలని అడిగినవాళ్లే ఆ పేరును దేశమంతా తిప్పారు. ఆ పేరు వాడొద్దు, ‘దిశ’ అనండి అని చివరికి సైబరాబాద్ పోలీసులు చెప్పాల్సి వచ్చింది. అయిదేళ్ల తర్వాత కోల్‌కతాలోనూ అంతే. పేరు, ఫొటోలు, వీడియోలు అన్నీ తొలగించమని ఆగస్టు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. మనం నేర్చుకోం. నేర్చుకోకపోవడంలో మనకు గోల్డ్ మెడల్ ఇవ్వొచ్చు.

“సానుభూతితోనే పెట్టాను సార్” అంటారు మీరు. అనాటమీ హాల్లో సెల్ఫీ తీసుకున్న కుర్రాడు కూడా నాతో “జ్ఞాపకం కోసం సార్” అన్నాడు. ఆప్రాన్ వేసుకున్నవాడి చేతిలో ఫోను ఉంటే, ఆ ఫోనుకు కూడా ఆప్రాన్ ఉన్నట్టే. రోగి ఒంటి మీద మీరు చూసింది మీది కాదు.

దిశ కేసు ఎత్తాను కాబట్టి చివరిదాకా చెప్పాలి. నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. మన ఫోన్లూ చప్పట్లు కొట్టాయి. అదే రోజు మహబూబ్‌నగర్‌లో శవపరీక్ష జరిగింది. హైకోర్టు ఆదేశంతో డిసెంబరు 23న గాంధీ ఆసుపత్రిలో ఢిల్లీ ఎయిమ్స్ బృందం మళ్లీ చేసింది. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. 2022 జనవరిలో కమిషన్ నివేదిక ఇచ్చింది, మేలో అది బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, పదిమంది పోలీసులను హత్య కేసులో విచారించాలని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా ఉంది. వ్యవహారం తిరిగి హైకోర్టుకు వెళ్లింది.

ఆ నివేదికతో మీరు ఏకీభవించండి, విభేదించండి. నేను అడిగేది వేరు. 2019 డిసెంబరులో నా ఫోను రోజంతా మోగింది. 2022 మేలో నివేదిక వచ్చిన రోజు, అవే గ్రూపుల్లో ఎవరి పెళ్లిరోజుకో కేకు బొమ్మలు. ఏమీ తెలియనప్పుడు అందరూ మాట్లాడారు, తెలిశాక ఒక్కరూ నోరెత్తలేదు. ఘోరాల గురించి మాట్లాడాలా వద్దా అని వాదించుకుంటాం కానీ, ఎప్పుడు మాట్లాడాలి అని ఎవరూ అడగరు.

ఊరికే మాట్లాడితే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకెళ్లి అవయవాలు తీసే ముఠాలంటూ ఫొటోలు తిరిగాయి. మా కాలనీ సెక్యూరిటీ అబ్బాయి ఒకటి తెచ్చి చూపించాడు: గొంతు కింద నుంచి పొత్తికడుపు దాకా కుట్లు. “చూడండి సార్, కోసేశారు” అన్నాడు. బాబూ, అవి మేం వేసే కుట్లు, శవపరీక్ష అయ్యాక ఒళ్లు మూసి ఇంటివాళ్లకు అప్పగించేవి. అతను నమ్మలేదు, నేను అవయవాల ముఠా మనిషినేమోనని నన్నే అనుమానంగా చూశాడు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ ఏడాది జులైలోనే బీదర్ జిల్లా ముర్కిలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ ఇంజినీరు ఒకరిని జనం కొట్టి చంపారు. దాంతో నవ్వు పోయింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

అదే ఏడాది జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు మాట్లాడొద్దని ఎవరి నోరూ కట్టలేదు. ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించి, డప్పు, జానపద పాట పట్టుకుని పల్లెలకు వెళ్లి, ఈ మెసేజ్ ఎందుకు అబద్ధమో చెప్పించారు. అంటే మాటకు మాటే విరుగుడు. చెప్పేవాడికి విషయం తెలియాలి, ఎదురుగా నిలబడి జవాబు చెప్పగలగాలి, అంతే.

ఇక ఈ రోజు నుంచి మీ పేరు ముందు డాక్టర్ ఉంటుంది. గ్రూపులో మీరు “నిజమేననుకుంటా” అని ఒక్క ముక్క పెడితే, మీ మేనత్త దాన్ని “మా డాక్టరు చెప్పాడు” అని ఇంకో పది ఇళ్లకు పంపుతుంది. కాబట్టి తెలిసింది చెప్పండి. తెలియనిదాని దగ్గర, మేం కాగితం మీద రాసినట్టే, అభిప్రాయం నిలిపి ఉంచానని ధైర్యంగా రాయండి. పేరు రాయకండి. ఫొటో పెట్టకండి, ఎవరైనా పెడితే తీయమనండి. పెద్దవాళ్లయినా సరే, ముఖ్యంగా ప్రొఫెసర్లయితే.

ఇంకొక్క పని. పట్టా చేతికొచ్చింది కదా అని హోంవర్క్ ఉండదనుకోకండి. మీ గ్రూపు ఒకప్పుడు రెండు రోజులు ఊగిపోయిన కేసు ఏదైనా ఒకటి తీసుకోండి. అది ఇప్పుడు ఏ కోర్టులో ఉందో, ఏ నివేదిక వచ్చిందో, ఎవరికి శిక్ష పడిందో, ఎవరికి పడలేదో చదివి, నాలుగు వాక్యాలు రాసి గ్రూపులో పెట్టండి. ఎవరూ లైకు కొట్టరు. ఒకరిద్దరు “ఇప్పుడెందుకు గురూ ఇదంతా” అంటారు. అడ్మిన్‌గారు తొలగించినా తొలగించవచ్చు. అయినా పెట్టండి. వచ్చే నెల ఇంకోటి పెట్టండి.

మీకందరికీ నా ఆశీస్సులు. రాత్రి డ్యూటీల్లో జాగ్రత్త. విశ్రాంతి గది లేని ఆసుపత్రిలో చేరితే, చేరిన వారంలోనే దాని కోసం సూపరింటెండెంట్‌గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.