బండి ఎక్కే ముందే చెప్పండి



నందివెలుగుకు తెనాలి దగ్గరే. అందుకే చాలా ఇళ్లల్లో ఈ మాటలు వినపడతాయి.

"ఏవండీ, హెల్మెట్ పెట్టుకోండి."

"తెనాలికేగా! దానికి హెల్మెట్ ఎందుకే?"

బండి కదులుతుంది. "కాస్త నెమ్మది" అంటుంది భార్య. "నీకు అన్నిటికీ భయమే" అంటాడు భర్త. ఊరు చేరేసరికి ఇద్దరికీ కోపం.

ఇది ఒట్టి భయమేనా? కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వస్తే ఆపే వ్యవధి ఉండదు. దగ్గర ఊరైనా తలకు తగిలేది అదే రోడ్డు కదా!

అయితే భర్త గోడూ వినాలి. నడిపేవాణ్ణి వెనక నుంచి అరిచి, భుజం పట్టి లాగితే చూపు చెదురుతుంది. ఏం చెప్పినా బండి ఎక్కే ముందే చెప్పాలి.

మీ జాగ్రత్త మీరూ చూసుకోవాలి. పైట చెంగు నడుముకు దోపుకోండి. అది చక్రంలో చుట్టుకుంటే మనిషిని కిందికి లాగేస్తుంది. అందుకే వెనక చక్రానికి సగమైనా అడ్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో రాశారు. ఆ చీర గార్డును ఊడదీయనివ్వకండి.

బండి మీద నడిపేవారు కాక ఇంకొక్కరే ఎక్కాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం వెనక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. హెల్మెట్ చేతికి తగిలించుకుంటే తలను కాపాడదు.

ఇంట్లో ఒక మాట అనుకోండి. ఇద్దరిలో ఎవరికి భయం వేసినా బండి నెమ్మది చేయాలి. ఎందుకని ఆ తర్వాత అడగవచ్చు. ఇందులో ఎవరూ ఓడినట్టు కాదు.