సీ1815 దొరక్కపోతే బీసీ547 ఎట్లా వేయాలి?

తిరుపతి గంగమ్మ జాతర దగ్గర పడిందంటే మా వైపు రిపేరు బల్లల మీద మైకుసెట్ల యాంప్లిఫయర్లు వరుస కడతాయి. అన్నీ రాత్రికే కావాలంటారు. మైకు బోర్డులో సీ1815 ట్రాన్సిస్టరు పోయింటే, అంగట్లో అసలుది దొరకడం కష్టం. బీసీ547 ఉండాదా, అది చాలు. కానీ తీసినట్టే పెడితే పని చేయదు.

మొదట వోల్టేజీ. సీ1815 తట్టుకునేది 50 వోల్టులు, బీసీ547 తట్టుకునేది 45. ఆ స్టేజీకి వచ్చే సప్లై మీటరుతో కొలవండి. 24 ఉంటే భయం లేదు.

రెండోది గెయిన్. పాతదాని మీద జీఆర్ అని ఉంటే 200 నుంచి 400. దానికి బీసీ547బీ సరిపోతుంది.

అసలు చిక్కు కాళ్లలో ఉంది. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి చూడండి. సీ1815కి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. అందుకని బీసీని వెనక్కి తిప్పండి. ఎమిటర్ తన రంధ్రంలోకే వస్తుంది. మిగిలిన రెండు కాళ్లకు స్లీవ్ తొడిగి ఒకదాని చోట ఒకటి పెట్టండి.

మైకు తొలి స్టేజీలో బుస్సుమంటుంటే బీసీ550 వేయండి. కాళ్లు అవే, నాయిస్ తక్కువ.

ఉత్త నంబరు చూసి కాదప్పా, ఈ మూడూ చూసి వేస్తే జాతర రాత్రి సెట్టు మళ్లీ విప్పే పని ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో నకిలీ పవర్ ట్రాన్సిస్టర్ల గురించి మాట్లాడుకుందాం.