తప్పటడుగుల వయస్సు

(తడలో కుటుంబ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక సంచికలో నూరేండ్ల చరిత్రను గూర్చి అనేకులు వ్రాయుచున్నారు. మాకు ఇయ్యబడిన అంశము మూడేండ్లు నిండనివారి చరిత్ర. అంశము చిన్నదే గాని, అటువంటి బిడ్డ వెనుక తిరుగువారికి దినము మాత్రము చిన్నది కాదు. మా ఇంటిలోను రెండేండ్ల బిడ్డ ఉన్నందున ఈ సంగతి తెలిసియే చెప్పుచున్నాము.

చెప్పు ఒకటి గడప దగ్గర నుండును, రెండవది బియ్యపు డబ్బాలో దొరకును. మనము తలుపు తీసితిమా, మరల మూయించి తానే తీయును. ముద్ద పెట్టబోతే గిన్నె లాగికొని "నేనే" అనును. స్నానమునకు పిలిచితే "వద్దు" అనును. దీనిని మొండితనమని విసుగుకొందుము. అయితే తాను అమ్మకు వేరైన ఒక మనిషినని బిడ్డ అప్పుడప్పుడే తెలిసికొనుచున్నది. "నేనే", "వద్దు" అనునవి ఆ తెలివికి గురుతులు. నేల మీద నాలుగు మెతుకులు పడినను, ఆ చేయి తినుట నేర్చుకొనుచున్నది.

ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము వినుటవలన బిడ్డకు మాట ఆలస్యమగునేమోనని మన తడలో కొందరు తల్లులు భయపడుదురు. రెండు భాషలు వినుట మాటకు అడ్డు కాదు. ఒకే వాక్యములో రెండింటిని కలిపినను దిద్ది దిద్ది బాధపెట్టనక్కరలేదు. ఎదురుగా కూర్చుండి మాటలాడువారుంటే చాలును.

నడక వచ్చినదంటే అపాయమును వచ్చినట్లే. మనకు ఒకవైపు పులికాటు సరస్సు, మరియొకవైపు రైలు మార్గము, జాతీయ రహదారి ఉన్నవి. లోకమంతటిలో నీట మునిగి చనిపోవుట ఒకటి నుండి నాలుగేండ్ల పిల్లలలోనే అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సరస్సు వరకు పోనక్కరలేదు. సగము నీళ్లున్న బకెట్టులో తలక్రిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు, కేకయు వేయలేదు. వాడని బకెట్టును బోర్లించుడి, తొట్టికి మూత పెట్టుడి. వేరుశెనగ గింజలను చిన్నబిడ్డ చేతికి ఇయ్యకుడి. చేప పెట్టునప్పుడు ముల్లు లేదని వ్రేళ్లతో చిదిమి చూచి పెట్టుడి.

అయితే ఇన్నిటిని కనిపెట్టి చూచువారెవరు? మేము ముఖ్యముగా చెప్పవచ్చినది ఇదే. 2008లో శ్రీసిటీ ఆరంభమైన తరువాత మన ప్రాంతపు స్త్రీలనేకులు షిఫ్టు పనులకు వెళ్లుచున్నారు. దూరపు ఊళ్లనుండి వచ్చి ఇక్కడ అద్దె ఇండ్లలో ఉన్నవారును గలరు. వారికి ప్రక్కన అమ్మమ్మ లేదు, నానమ్మ లేదు. చట్టము ప్రకారము మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు తల్లికి 26 వారముల సెలవు గలదు. అనగా బిడ్డకు ఆరు నెలలు నిండుసరికి సెలవు తీరిపోవును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీ బడి మూడేండ్లు నిండినవారికి. అంతకు చిన్నవారికి ఇంటికి ఆహారము ఇత్తురు. ఆరు నెలలకు, మూడేండ్లకు నడుమ రెండున్నర సంవత్సరములున్నవి. బిడ్డ ప్రాకునది, నడుచునది, పడునది, మాటలు నేర్చునది ఆ సంవత్సరములలోనే. చేయి పట్టుకొను మనిషి ఎక్కువగా కావలసిన కాలములోనే మనిషి దొరకుట కష్టమగుచున్నది.

ఏబదిమంది, అంతకు మించి పనివారున్నచోట శిశు సంరక్షణ గృహము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగు మారులు బిడ్డను చూచి రావచ్చుననియు అదే చట్టములో నున్నది. ఇది దయ కాదు, హక్కు. తల్లులు దీనిని ఎరిగి యుండవలెను, సిగ్గుపడక అడుగవలెను.

మనిషి లేనిచోట మనమిప్పుడు ఫోను పెట్టుచున్నాము. ఏడ్చిన బిడ్డ ఊరకుండును, అన్నమును దిగును, నిజమే. అయితే సంవత్సరము బిడ్డకు తెర అసలు వద్దనియు, రెండేండ్ల బిడ్డకు గంట మించరాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఈ వయస్సువారు దినమునకు మూడు గంటలు కదలాడవలెను, పగటి నిద్రతో కలిపి 11 నుండి 14 గంటలు నిద్రించవలెను. ఫోను బిడ్డకు చాలా సంగతులు చెప్పునేమో గాని, బిడ్డ చెప్పినది వినదు.

మరియొక మాట. తొమ్మిదవ నెల టీకా అయినతోనే చాలామంది కార్డును పెట్టెలో పెట్టుదురు. 16 నుండి 24 నెలల మధ్య తట్టు, రుబెల్లా రెండవ మోతాదును, డి.పి.టి., పోలియో బూస్టరులును ఉన్నవి. ఇంటికి వెళ్లినతోనే కార్డు తీసి చూడుడి.

హన్నా పాలు విడిచిన బిడ్డను మందిరములో ఏలీ యొద్ద ఉంచెను. ఏటేట ఆమె చిన్న అంగీ కుట్టి తెచ్చెడిది. ఎదుట లేకున్నను, పెరుగుచున్న బిడ్డ కొలతను ఆమె ఎరుగును. పనికి వెళ్లు తల్లిని నిందించువారు ఆ అంగీని జ్ఞాపకము చేసికొనవలెను. మందిరములో సమూయేలును చూచుకొనినది కన్నవారు కాదు, ఒక వృద్ధుడు అనుటయు మరువరాదు.

మన సంఘములో పిల్లలు దూర దేశములలో ఉండగా ఒంటరిగా నున్న పెద్దలు ఎందరో గలరు. అదే వీధిలో, చూచువారు లేని బిడ్డయు ఉన్నది. ఈ రెండిండ్లను కలుపుట సంఘమునకు అసాధ్యమైన పని కాదు. తండ్రులారా, మీ వంతును ఉన్నది: షిఫ్టు ముగిసిన తరువాత ఒక గంట ఫోను ప్రక్కన పెట్టి, నేల మీద కూర్చుండుడి. బిడ్డయే మీ యొద్దకు వచ్చును. కూటము ముగిసిన పిమ్మట, సహాయము కావలసిన తల్లులును, సహాయము చేయగల పెద్దలును వెళ్లిపోక కొంచెము సేపు ఉండవలెనని కోరుచున్నాము. పేర్లు ఈ సాయంకాలమే వ్రాసికొందము.