విదేశయాత్రలో నగదు యంత్రము



1967 జూన్ 27వ తేదీన లండను నగరపు ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు నగదునిచ్చు యంత్రమును నెలకొల్పెను. దానికి కర్తగా పేరొందిన జాన్ షెపర్డ్-బారన్ షిల్లాంగులో జన్మించినవాడు. రహస్యసంఖ్యకు ఆరంకెలు పెట్టదలచిన ఆయన, నాలుగింటికి మించి జ్ఞాపకముండవని భార్య చెప్పగా నాలుగుతో సరిపెట్టెనట! ఆ నాలుగంకెలు చేజిక్కించుకొనుటకే నేటి మోసగాండ్ర పాట్లు.

వారు కార్డును దొంగిలింపరు. యంత్రపు నోటికి అదే రంగు తొడుగొకటి బిగింతురు. కార్డు లోనికి పోవుచుండగా వెనుకనున్న నల్లని అయస్కాంతపు పట్టీలోని వివరములను అది గ్రహించును. పైన దాచిన చిన్న కెమెరా వ్రేళ్ల కదలికను చూచును. డబ్బు వచ్చును, కార్డు తిరిగి వచ్చును. యాత్రికునకు అనుమానమే కలుగదు. తరువాత ఆ పట్టీ నకలుతో, చిప్పును పరీక్షింపని యంత్రములున్న వేరొక దేశమున ఖాతా ఖాళీ యగును.

కావున బ్యాంకు లోపలి యంత్రమే మేలు. అంకెలు నొక్కునపుడు రెండవ చేతిని కప్పుగా పట్టవలెను. పలువురు దీనికి సిగ్గుపడుట విచిత్రము!

2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనవలన, ఖాతాదారు కోరినగాని కొత్త కార్డు విదేశమున పనిచేయదు. ఆ సౌకర్యమును ప్రయాణమునకు ముందు తెరచి, తిరిగి రాగానే మూయవలెను. ఇక 2017 నాటి నియమము: బ్యాంకుదిగాని ఖాతాదారుదిగాని దోషము లేని మోసమును, బ్యాంకు సందేశమందిన మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునకు నష్టముండదు. ఆ సందేశము స్వదేశపు నంబరుకే వచ్చును. సంతానమును చూడబోయి, అచ్చటి సిమ్ము వేసికొని, పాతదానిని పెట్టె అడుగున పడవైచినవారికి సంగతి తెలియునప్పటికి గడువు గతించును.