పన్నుమీది పన్ను
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఈ పఠనమందిరమునకు నిత్యము వచ్చు బ్యాంకు ఉద్యోగి యొకరు మొన్న తమ జీతపుచీటీని మా చేతికిచ్చి, "నెలకు 1,25,000 రూపాయల జీతము. దానిపై నూటికి 4 వంతున సెస్సట. నెలకు 5,000 పోయినట్లే గదా!" యని వాపోయిరి. ఈ భయము వారొక్కరిది గాదు. మా కచేరికి వచ్చు జీతగాండ్రలో పలువురు దీనినే వేరువేరు మాటలతో చెప్పుచుందురు. లెక్క తెలియక కలిగిన భయమును తొలగించుట, లెక్క తెలిసిన పిమ్మట అడుగదగిన ప్రశ్నను అడుగుట, ఈ రెండే నేటి మా ప్రసంగమునకు ప్రయోజనములు.

మొదట సెస్సు స్వరూపమును గ్రహింతము. ఆరోగ్య విద్యా సెస్సు జీతముపై పడునది కాదు. అది పన్నుపై పడునది. జీతమునుండి చట్టము అనుమతించిన తగ్గింపులు పోగా మిగిలినదానిపై పన్ను కట్టుదురు. 50 లక్షలు దాటిన ఆదాయము గలవారికి సర్‌ఛార్జియు చేరును. ఇట్లు తేలిన మొత్తముపై నూటికి 4 చొప్పున సెస్సు వేయుదురు. మూలమున పన్నే లేనివానికి సెస్సును లేదు.

ఆ ఉద్యోగి లెక్కనే చూతము. 2025-26 ఆర్థిక సంవత్సరమున, కొత్త పద్ధతి ననుసరించి, జీతము తప్ప వేరు ఆదాయము లేదనుకొందము. ఏడాది జీతము 15,00,000. ప్రామాణికపు తగ్గింపు 75,000 పోగా నిలిచినది 14,25,000. ఇందు మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తరువాతి 4 లక్షలపై 5 వంతున 20,000, ఆపై 4 లక్షలపై 10 వంతున 40,000, మిగిలిన 2,25,000 పై 15 వంతున 33,750. వెరసి పన్ను 93,750. దానిపై సెస్సు 3,750. అంతయు కలిపి 97,500, అనగా నెలకు 8,125. ఇందు సెస్సు భాగము 312 రూపాయల 50 పైసలు మాత్రమే. అయిదువేలని దిగులుపడినవారికి నిజముగా పడినది జీతపు నూరు రూపాయలకు పావలా! అదే సంవత్సరమున 12,75,000 మించని జీతము గలవారికి రిబేటు మూలమున పన్ను సున్న యగుటచే సెస్సును సున్నయే.

ఐనను కొందరికి ఒక నెల జీతము హఠాత్తుగా తగ్గుట యెందువలన? యజమాని తనంతట తాను పన్ను వేయడు. ఏడాది ఆదాయమును ముందుగా అంచనా కట్టి, పన్నును నెలలకు పంచి, జీతమిచ్చునపుడే కోసి సర్కారునకు జమకట్టును. ఏప్రిలు మొదలు మూడునెలలు సెస్సును మరచినచో, పైని చెప్పిన 3,750 మిగిలిన తొమ్మిది నెలలపై పడి, నెలకు ఇంచుమించు 417 అగును. ఏడాది మొత్తము మారలేదు, పంపకమే మారినది. మరియొక సంగతి. పాత పద్ధతి కావలెనని ఉద్యోగి తెలుపనిచో యజమాని కొత్త పద్ధతినే అనుసరించి కోయును. కావున ఏ పద్ధతి తనకు లాభమో లెక్క చూచుకొని, సంవత్సరారంభముననే తెలియజేయుట ఉద్యోగి పని.

జీతపుచీటీలో పన్నును సెస్సును సాధారణముగా ఒకే వరుసలో కలిపి చూపుదురు. వానిని విడదీయుటకు సులువైన ఉపాయము గలదు. కోసిన మొత్తమును 26 చేత భాగించినచో వచ్చునది సెస్సు. 8,125 ను 26 చేత భాగించి చూడుడు, 312 రూపాయల 50 పైసలే వచ్చును. ఏడాది చివర యజమాని ఇచ్చు ధ్రువపత్రములోని మొత్తమును, ఆదాయపుపన్ను శాఖవారి వద్ద మన పేర జమయైన మొత్తమును సరిపోల్చుకొనవలెను. అధికముగా కోసినది రిటర్ను దాఖలు చేసినగాని తిరిగి రాదు.

సెస్సు భారము స్వల్పమైనచో దానినిగూర్చి ఉపన్యాసమేల యని మీరు అడుగవచ్చును. స్వల్పమగుట చేతనే అది ప్రశ్న లేకుండ పెరుగుచు వచ్చినది. 2004లో ప్రాథమిక విద్యకని నూటికి 2 వేసిరి. 2007లో మాధ్యమిక, ఉన్నత విద్యలకని మరియొకటి చేర్చిరి. 2018లో ఆరోగ్యమును గూడ కలిపి ఆ మూటిని నాలుగు చేసిరి. ఆ బడ్జెట్టులోనే 40,000 రూపాయల ప్రామాణికపు తగ్గింపు నిచ్చి, అంతకుముందున్న 19,200 ప్రయాణభత్యపు మినహాయింపును, 15,000 వైద్యవ్యయపు మినహాయింపును తీసివేసిరి. నికరముగా పెరిగిన తగ్గింపు 5,800. ఆ రెండు మినహాయింపులను పూర్తిగా పొందుచు, 20 వంతు అంతస్తున లక్ష రూపాయల పన్ను చెల్లించుచుండినవానికి పన్నులో 1,160 తగ్గినది, సెస్సులో దాదాపు 950 పెరిగినది. ఒకచేత ఇచ్చి వేరొకచేత పుచ్చుకొనుట యనగా ఇదియే.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న మరియొకటి. ఆ ధనము ఎచటికి పోవుచున్నది? ఆదాయపుపన్ను కేంద్రము వసూలు చేసినను, వసూలు ఖర్చులు పోగా రాష్ట్రములతో పంచుకొనవలసినది. 15వ ఆర్థికసంఘము 2021-26 సంవత్సరములకు రాష్ట్రముల వంతు నూటికి 41గా నిర్ణయించినది. కాని సెస్సులును సర్‌ఛార్జీలును ఈ పంపకములో చేరవు. 2000లో చేసిన 80వ రాజ్యాంగ సవరణ సెస్సులను పంపకమునకు వెలుపల నిలిపినది. ఆ బ్యాంకు ఉద్యోగి చెల్లించిన 93,750లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకును ఇతర రాష్ట్రములకును హక్కు కలదు. 3,750లో అట్టి హక్కు లేదు. పాఠశాలలను, ఆసుపత్రులను నడుపు భారము అధికముగా రాష్ట్రములది, వాని పేర వసూలగు సెస్సు కేంద్రముది. ఆ సొమ్ము తిరిగి పథకముల రూపమున రావచ్చును, కాని అది కేంద్రము చెప్పిన షరతులకు లోబడి వచ్చునే గాని హక్కుగా రాదు. 2007లో వేసిన మాధ్యమిక, ఉన్నత విద్యా సెస్సునకు ప్రత్యేకనిధి నెలకొల్పుటకు మంత్రివర్గము ఆమోదించినది 2017 ఆగస్టులోగదా! పదేండ్లపాటు ఆ నిధి లేకయే వసూలు సాగినది.

1860లో జేమ్సు విల్సను ఈ దేశమున ఆదాయపుపన్నును ప్రవేశపెట్టినపుడు మన పూర్వుల సమ్మతిని ఎవ్వరును అడుగలేదు. 1857 తిరుగుబాటు వలన సర్కారు బొక్కసమునకు కలిగిన లోటును వారిచేతనే పూడ్పించిరి. నేడు చట్టబద్ధమైన అధికారము లేక ఏ పన్నును విధింపరాదని మన రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. ఆ చట్టమును చేయువారు మనము పంపిన ప్రతినిధులు. పన్ను ఎగవేయుమని మేము చెప్పుట లేదు. అణాపైసలతో సహా చెల్లింపుడు. చెల్లించినవానికి లెక్క అడుగు అధికారము గలదు. మీ జీతపుచీటీని నేడు ఇంటికి పోయి 26 చేత భాగించి చూడుడు. వచ్చిన అంకెను గుర్తుంచుకొని, మీ ఓటు కొరకు వచ్చిన అభ్యర్థిని, "ఈ సొమ్ముతో మా ఊరి బడికి, మా ఊరి ఆసుపత్రికి చేరినదెంత?" అని అడుగుడు. ఆయన సమాధానము చెప్పువరకు వాకిట నిలుపుడు.